తేటనీరెల్ల మంచినీరు కాదు

విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు, పరపతిని గూర్చియు ఈ పుటలలో తఱచుగ వ్రాయుచుందుము. ఈ మాసమున మన ఇంటి కడవలోని నీటిని గూర్చి వ్రాయదలచితిమి. పైరు ఎండిన యేడు రైతు అప్పు చేసియైనను గడుపుకొనును. మఱుసటి యేడు వానలు కురిసిన ఆ అప్పు తీఱవచ్చును. కాని బిడ్డ యెముకలలో చేరిన దోషము ఎన్ని వానలు కురిసినను పోదు. కావున సభ్యులెల్లరు ఈ సంగతిని శ్రద్ధతో చదివి, చదువ నేరనివారికి చదివి వినిపింప ప్రార్థించుచున్నాము.

మన నేల తీరు

అనంతపురము సీమ వాననీడలో నున్నది. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి వచ్చునప్పటికి తన తేమను చాలవఱకు అక్కడనే దింపివేయును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి డస్సిపోవును. ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు 22 అంగుళములు. దేశమున అతి తక్కువ వాన గల జిల్లాలలో రాజస్థానపు జైసల్మేరు మొదటిదనియు, అనంతపురము రెండవదనియు చెప్పుట వాడుక. 2022లో జిల్లా విడి అనంతపురము, శ్రీ సత్యసాయి అను రెండు జిల్లాలైనవి. అయినను మేఘము ఎల్లల నెఱుగదు గాన రెండింటి కష్టము నొక్కటియే.

పైనున్నది ఎఱ్ఱనేల, పెక్కుచోట్ల దాని లోతు మూరెడో బారెడో. దాని క్రింద గ్రానైటు బండ. ఇసుకనేల దూదివలె నీటిని పీల్చి నిలుపుకొనును. బండ అట్లు చేయజాలదు. పగుళ్లలోను, చివికిన రాతి పొరలోను ఇంకిన కొద్దిపాటి నీరే మన నిలువ.

పూర్వుల ఏర్పాటు

ఈ సంగతిని మన పెద్దలు బాగుగ నెఱిగియుండిరి. వంక వంకకు అడ్డుకట్ట వేసి, పై చెఱువు అలుగు పాఱి క్రింది చెఱువు నిండునట్లు గొలుసుగ చెఱువులను కట్టిరి. అనంతపురము పట్టణపు చెఱువు విజయనగర ప్రభువుల కాలమున, 14వ శతాబ్దమున వెలసినది. బుక్కపట్టణము, ధర్మవరము చెఱువులును పూర్వుల కష్టార్జితములే. చెఱువును కాచుటకు, తూము తెఱచి మూయుటకు నీరుగంటి యుండెడివాడు. అతని కష్టమునకు పంటలో భాగము ముట్టుచుండెడిది.

చెఱువునీరు మడికి పోవును. చెఱువు ఊట బావికి చేరును. కట్ట క్రిందనున్న బావి నీరు తియ్యగ నుండుటకు కారణమిదియే. ఆ నీరు నిన్న మొన్న కురిసిన వాననీరు. బండలో ఎక్కువకాలము నిలిచినది కాదు. పెన్న, చిత్రావతి ఒడ్డు గ్రామములవారు ఏటి యిసుకలో చెలమలు తీసి కడవలు నింపుకొనుచుండిరి. ఇసుకలో వడగట్టుకొని వచ్చిన చెలమనీటి రుచిని పెద్దలు నేటికిని తలచుకొందురు.

ఐతే పాతకాలమంతయు మేలని చెప్పుట మా యుద్దేశము కాదు. దిగుడుబావిలో మెట్లు దిగి మోకాలిలోతున నిలిచి నీరు ముంచుకొను అలవాటువలన నారికురుపు వ్యాపించెడిది. కురుపుగలవాడు నీటిలో కాలు పెట్టగానే పురుగు పిల్లలు నీటిలోనికి విడువబడును; కంటికి కనబడీ కనబడని నీటిపురుగులు వానిని మ్రింగును; ఆ నీటిని వడగట్టక త్రాగినవానికి ఏడాదికి మఱల కురుపు లేచును. దిగుడుబావులను చేదబావులుగ మార్చుట, నీటిని గుడ్డతో వడగట్టుట, చేతిబోరింగులు వేయుట, రోగిని నీటిలో దిగనీయకుండుట అను సామాన్యమైన ఉపాయములతో ఈ రోగము మన దేశమును విడిచిపోయినది. కడపటి రోగి 1996లో కనబడెను. దేశము ఈ రోగమునుండి విముక్తమైనదని 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపఱచెను. దీనికి మందు లేదు, టీకా లేదు. జనుల అలవాటు మాఱుటచేతనే రోగము పోయినది. ఈ ముక్కను పాఠకులు గుర్తుంచుకొన గోరుదుము; తరువాత దీనితో పని కలదు.

బోరు తెచ్చిన మేలు, కీడు

చేతిబోరింగు వచ్చిన పిమ్మట మురికినీటి రోగములు తగ్గినవనుట సత్యము. కాని ఆ వెనుకనే సేద్యపు బోర్లు వచ్చినవి. కఱవు వచ్చిన ప్రతిసారి బోరు లోతు పెరిగినది. పాతిక ముప్పది అడుగుల బావి ఎండినది. రెండువందల అడుగుల బోరు ఎండినది. కొన్ని మండలములలో వేయి అడుగులు దాటినను నీటికి బదులు బండపొడియే వచ్చుచున్నది. చెఱువులు పూడి, వంకలు ఆక్రమణలపాలై, భూమిలోనికి ఇంకునది తగ్గినది, తోడునది హెచ్చినది.

లోతునుండి వచ్చు నీరు చూపునకు అద్దమువలె తేటగనుండును. వాసన లేదు, రంగు లేదు. కాని బండలోని కొన్ని ఖనిజములలో ఫ్లోరైడను పదార్థము కలదు. నీరు ఏండ్లతరబడి బండ పగుళ్లలో నిలిచినకొలది ఆ పదార్థము నీటిలో కరగును. సున్నపుపాలు తక్కువై సవుడుగుణము ఎక్కువైన నీటిలో మఱింత కరగును. లోతైన బోరెల్ల చెడ్డదని కాదు, లోతు తక్కువైనదెల్ల మంచిదని కాదు. ఒకే యూరిలో రెండు బోర్ల నీరు రెండు విధములుగ నుండుట కలదు. అందుచేతనే పరీక్ష లేక తెలియదని చెప్పుచున్నాము.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వఱకు ఉండవచ్చును; వేఱు దారి లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వఱకు ఓర్చుకొనవచ్చునని మన దేశపు ప్రమాణము. అంతకు మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగిన మొదట పిల్లల పండ్లమీద తెల్లని, పిదప గోధుమవన్నె చారలు పడును. చిగురులో పండు తయారగు ప్రాయమున, అనగా ఎనిమిదేండ్లలోపు త్రాగిన నీటి గుఱుతది. దంతధావనము చేసినంత మాత్రమున పోదు. నీటిలో దోషము ఇంకను హెచ్చిన, ఎముకలకు పట్టును. కీళ్లు బిగియును, మెడ తిరుగదు, నడుము వంగదు, వంగినది లేవదు. నలువది యేండ్లకే కఱ్ఱ పట్టినవారు మన పల్లెలలో కలరు. దీనిని వాతమని, కర్మమని, వంశదోషమని తలచి నాటుమందులకు సొమ్ము పోసినవారెందఱో! ముదిరిన యీ రోగమును వెనుకకు త్రిప్పు మందు లేదు. నీరు మార్చుటయే మందు.

తెలుగునేలమీద ఈ రోగమును వైద్యులు కనిపెట్టి ప్రకటించినది 1937లో, అప్పటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో. ఆనాటినుండి తొమ్మిది దశాబ్దములు కావచ్చినవి. నీటిని కాచిన ఫ్లోరైడు పోవునని కొందఱు నమ్ముదురు. కాచిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది చిక్కనగును. గుడ్డతో వడగట్టినను పోదు.

ఏటినీరు ఊరికి చేరిన విధము

బోరు చెడినచోట ఏటినీటిని గొట్టముల ద్వారా తెచ్చుట ఒక్కటే శాశ్వతమైన ఉపాయమని ఎల్లరు నెఱుగుదురు. ఖర్చునకు వెఱచి ఆగిరి. 1994 చివర పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు ఈ భారమును తలకెత్తుకొనెను. లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీవారు నిర్మాణము చేసిరి. ప్రభుత్వ బడ్జెటు సాయము లేకయే సుమారు 300 కోట్ల రూపాయల వ్యయముతో, పదునెనిమిది నెలల కాలములో 731 గ్రామములకును, కొన్ని పట్టణములకును నీరందించు ఏర్పాటు చేసినట్లు తొమ్మిదవ పంచవర్ష ప్రణాళికా పత్రమున వ్రాయబడినది.

పని తీరును తెలిసికొనుట రైతులకు ఉపయోగకరము. ఏటిగర్భమున ఊటబావులు త్రవ్వియు, కాలువ పాఱు దినములలో వేసవి నిలువచెఱువులను నింపియు, జలాశయములనుండి తోడియు నీటిని సేకరింతురు. వడపోసిన పిదప యంత్రములతో గుట్టలమీది తొట్లకు ఎక్కింతురు. అట్టి తొట్లు పదునెనిమిది గుట్టలమీద కట్టబడినవి. అక్కడనుండి నీరు తన బరువుచేతనే పల్లమునకు దిగి ఊరూరి ట్యాంకును చేరును. గొట్టముల పొడవు రెండువేల కిలోమీటర్లకు పైమాట. వీధులలో నాలుగేసి కుళాయిలు గల సిమెంటు తొట్లు పదునైదువందలకు పైగ నిలిపిరి. మైళ్లు నడచి బిందె తెచ్చు స్త్రీకి వీధిమొగనే నీరు దొరకుట ఎంతటి మాటయో, ఆ నడక నెఱిగినవారికే తెలియును.

నిర్మాణము ముగిసిన పిదప ఈ పథకము రాష్ట్ర ప్రభుత్వమునకు అప్పగింపబడినది. తరువాత హిందూపురము, మడకశిర ప్రాంతములకు శ్రీరామరెడ్డి త్రాగునీటి పథకము వచ్చినది. 2019లో కేంద్రప్రభుత్వము జల్ జీవన్ మిషన్ అను పేర ప్రతి యింటికి కుళాయి నిచ్చి, మనిషికి దినమునకు 55 లీటర్ల నీరందింపవలెనని తలపెట్టెను.

కట్టుట ఒక యెత్తు, కాచుట ఒక యెత్తు

ఇంత జరిగినను వేసవి వచ్చిన ట్యాంకరుకొఱకు బిందెలు వరుస పెట్టుట ఏల తప్పలేదు? గొట్టము పగిలిన వారములకొలది అతుకు పడదు. విద్యుత్తు లేనినాడు నీరు లేదు. పనివారికి నెలల జీతములు బకాయిపడగా వారు పని నిలిపిన దినములు కలవు. కుళాయి ఎండిన మఱునాడు ఊరు మఱల పాత బోరునొద్దకే పోవును. దొడ్డమనసుతో కట్టిన ధర్మసత్రమైనను దినదినము ఊడ్చువాడు లేనిచో పాడగును గదా.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. తూర్పు ఆఫ్రికాలో ఇథియోపియా, కెన్యా, టాంజానియా దేశములమీదుగ మహాబిలము వంటి యొక లోయ సాగుచున్నది. అగ్నిపర్వతముల రాతినుండి అక్కడి నీటిలోనికి ఫ్లోరైడు దిగును. అక్కడి పల్లె పిల్లల పండ్లమీదను మన పిల్లల పండ్లమీది చారలే. కెన్యాలోని నకూరు ప్రాంతమున పశువుల యెముకలను కాల్చి బొగ్గుచేసి, ఆ బొగ్గుగుండ నీటిని వడపోయు ఉపాయమును వాడుకలోనికి తెచ్చిరి. ఆ బొగ్గు ఫ్లోరైడును పట్టుకొనును. అయితే కొంతకాలమునకు బొగ్గు నిండిపోవును. మార్చకున్న వడపోసినట్లే యుండును, ఫ్లోరైడు మాత్రము నీటితోనే దిగివచ్చును.

సహారా ఎడారికి దిగువనున్న దేశముల పల్లెలలో దాతలు వేలకొలది చేతిబోరింగులు వేయించిరి. వానిలో నాలుగింట ఒకటియో, మూడింట ఒకటియో పనిచేయక నిలిచియున్నట్లు లెక్కలు తీసినవారు కనుగొనిరి. యంత్రము చెడ్డదని కాదు. విరిగిన కడ్డీ కొనుటకు ఊరివద్ద సొమ్ము లేదు. బిగించుటకు నేర్పరి లేడు. అడుగుటకు బాధ్యుడు లేడు. నెలకింత చందా వేసికొని, లెక్క పదుగురిలో చదివి, ఊరిలోనే ఇద్దఱికి మరమ్మతు నేర్పుకొన్నచోట బోరింగు నిలిచినది. ఇంతకు ముందు చెప్పిన నారికురుపు 1986లో ఆఫ్రికా, ఆసియా ఖండములలో సుమారు 35 లక్షలమందికి ఉండెను; ఇటీవలి సంవత్సరములలో లోకమంతట ఏడాదికి ఇరువదిమందికి మించలేదు. అక్కడను మందు లేకయే, గుడ్డ వడపోతచేతను, ఊరివారి కాపుదలచేతను ఇది సాధ్యమైనది.

సొమ్ము బయటినుండి రావచ్చును. కాపుదల బయటినుండి రాదు. చందా, లెక్క, సమావేశము, బాధ్యత అను నీ నాలుగును సహకార సంఘమునకు క్రొత్తవి కావు గదా!

ఒక చిన్న లెక్క

త్రాగునీటిని గూర్చి మాటాడునప్పుడు రైతు తన బోరును మఱచుట తగదు. ఇంటికైదుగురు చొప్పున నూఱిండ్ల పల్లె యనుకొందము. మనిషికి 55 లీటర్ల చొప్పున ఆ పల్లెకు దినమునకు 27,500 లీటర్లు, ఏడాదికి ఇంచుమించు ఒక కోటి లీటర్లు కావలెను. ఇప్పుడు బోరు క్రింది వరిమడిని చూతము. ఒక కారులో వరికి సుమారు 1200 మిల్లీమీటర్ల లోతు నీరు పట్టును. ఆ లెక్కన ఎకరమునకు 48 లక్షల లీటర్లకు పైమాట. అనగా రెండెకరముల వరి ఒక కారులో పట్టు నీరు, నూఱిండ్ల పల్లెకు ఏడాదిపాటు సరిపోవు నీటితో ఇంచుమించు సమానము. మడిలోని నీరు కొంత మఱల భూమిలోనికి ఇంకుననుట నిజమే. అయినను లెక్క యొక్క పోకడ మాఱదు.

రైతు సేద్యము మానవలెనని మేము చెప్పము. చీనీతోట ఎండిన యింటి దుఃఖము మాకు తెలియును. కాని బోరు క్రింద వరి వేయుటకంటె బిందుసేద్యముతో కూరయో, తోటయో, ఆరుతడి పైరో వేయుట తన బోరునకును, ఊరి బోరునకును మేలు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము ప్రజల త్రాగునీటి వనరునకు 250 మీటర్లలోపల అనుమతి లేక సేద్యపు బోరు వేయరాదు. చట్టమునకు జడిసి కాదు, తన బిడ్డయు ఆ కుళాయి నీరే త్రాగునని తలచి దీనిని పాటింపవలెను.

2003 మొదలు కొన్నేండ్లపాటు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురముతో కూడిన ఏడు కఱవు జిల్లాలలో ఒక మంచి ప్రయత్నము జరిగినది. రైతులే వానను కొలిచిరి. బోరులోని నీటిమట్టమును కొలిచిరి. ఊరి గోడమీద వ్రాసిరి. రబీకి ముందు కూర్చుండి, భూమిలో ఇంత నీరున్నది, ఈ పైరులకు ఇంత పట్టునని జమాఖర్చు వేసికొనిరి. ఎవరును ఎవరిని బలవంతపెట్టలేదు. లెక్క కన్నులయెదుట నుండుటచే పెక్కుచోట్ల వరి తగ్గి ఆరుతడి పైరులు హెచ్చినవి. సంఘపు పద్దువలె నీటి పద్దును ఉంచవచ్చునని దీనివలన తెలియుచున్నది.

సభ్యులు చేయదగిన పనులు

మొదటిది, పరీక్ష. ఊరిలోని ప్రతి బోరు నీటిని ఏడాదికి రెండుమార్లు, వానలకు ముందొకమారు, వెనుకొకమారు పరీక్షింపవలెను. గ్రామమునకైదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పి, పరీక్షపెట్టె నిచ్చు ఏర్పాటు జల్ జీవన్ మిషన్‌లో కలదు. మీ యూరిలో ఆ పెట్టె ఎవరియొద్ద నున్నదో విచారింపుడు. ఫలితమును బోరునొద్దనే పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. ఫ్లోరైడు మించిన బోరునకు ఎఱ్ఱరంగు పూసి, బట్టలుతుకుటకు, గేదెలను కడుగుటకు మాత్రమే వాడుకొనుడు.

రెండవది, గొట్టము. పగిలిన గొట్టమునుండి నీరు పోవుటయే నష్టమని తలపకుడు. నీరు ఆగిన వేళ ఆ పగులుగుండ వీధి మురుగు లోనికి పీల్చుకొనబడును. మఱునాడు అదియే మన బిందెలోనికి వచ్చును. ట్యాంకు కడిగిన తేదీని ట్యాంకుమీదనే వ్రాయించి, బ్లీచింగు వేయుచున్నారో లేదో చూచుటకు వంతులు వేసికొనుడు.

మూడవది, వాననీరు. వానలో ఫ్లోరైడు లేదు. ముప్పది చదరపు మీటర్ల కాంక్రీటు మిద్దెమీద 550 మిల్లీమీటర్ల వాన కురిసిన, పాఱగ పోగ పదుమూడువేల లీటర్లు పట్టవచ్చును. ఐదుగురున్న యింటికి త్రాగుటకు, వంటకు దినమునకు 40 లీటర్లనుకొన్న, ఇది పదునొకండు మాసములకు వచ్చును. అంత పెద్ద తొట్టి కట్టలేనివారు సగము కట్టినను, చిన్నపిల్లలకును గర్భిణులకును వేసవి గడచును. మొదటి వాననీటిని విడిచి, గుడ్డ వడపోత పెట్టి, తొట్టికి మూత వేయవలెను. సంఘపు లాభములలో ఉమ్మడి మేలునకు తీయు సొమ్ము కలచోట బడిమీద ఇట్టి తొట్టి నొకదానిని కట్టించిన చూచి నేర్చుకొందురు.

నాలుగవది, శుద్ధజల యంత్రము. కుళాయి లేనిచోట ఇరువది లీటర్ల డబ్బా కొని త్రాగుట తప్పనిసరియైనది. ఆ యంత్రము ఫ్లోరైడును తొలగించును గాని, తొలగించినదానిని చిక్కని వ్యర్థజలముగ బయటికి వదలును. దానిని బావిప్రక్కన వదలినచో విడిచిన విషమును మఱల తోడుకొన్నట్లే. దానికి వేఱు దారి చూపవలెను.

ఐదవది, చెఱువు. కట్టమీది కంపను కొట్టి, వంకలోని ఆక్రమణలను తొలగించి, పూడికమట్టిని పొలమునకు తోలుకొన్నవానికి ఎరువు ఖర్చును కలసివచ్చును. చెఱువు నిండిన యేడు కట్ట క్రింది బోర్ల నీటిని పరీక్షించి చూడుడు. క్రొత్తనీరు కలిసినచోట ఫ్లోరైడు తగ్గుటను మీరే కనుగొందురు.

ముగింపు

ఒక్కరు చేయలేని పనిని పదుగురు కలిసి చేయుటకే సంఘములు పుట్టినవి. విత్తనపు బస్తాకొఱకు కలిసినవారము నీటి బిందెకొఱకు కలియకుండుట న్యాయము కాదు. రాబోవు సర్వసభ్య సమావేశపు కార్యక్రమములో త్రాగునీటిని ఒక విషయముగ చేర్పుడు. సమావేశమునకు ఊరిలోని బోర్ల నీటిని సీసాలలో తెప్పించి బల్లమీద వరుసగ పెట్టుడు. అన్నియు ఒక్కలాగే తేటగ కనబడును. పిదప ఒక్కొక్క సీసామీద పరీక్ష ఫలితమును అంటించి, ఏ బోరు నీరు తమ యింటికి వచ్చుచున్నదో సభ్యులనే చూచుకొననిండు. ఆ తరువాత మేము చెప్పవలసినదేమియు నుండదు.